లేడిపిల్ల తిరిగి రావాలి

ఒక ఆదివారం సాయంత్రం సరిగ్గా అయిదుంబావుకు మా బస్టాండులో బూదికోట బస్సు స్టార్టయింది. కిటికీ పక్క సీట్లో ఒక లేడిపిల్ల కూర్చుని ఉంది. ఏడేళ్ల అమ్మాయి. ముఖం మీద తెల్ల చుక్కలు, కాళ్లకు గజ్జెలు. పక్కన వాళ్ల నాయన, ఆవులూ రాగిచేనూ ఉన్న రైతు.

నా భార్య మా ఊరు కేజీఎఫ్‌లో పిల్లలకు నాట్యం నేర్పేది. స్కూలు వార్షికోత్సవాల్లోలాగా తలా ఒక పాటకు ఆడి వెళ్లిపోవడం ఆమెకు నచ్చేది కాదు. ఏడాదికొకసారి, బంగారు గనుల కాలంనాటి క్లబ్బు హాల్లో, రెండు గంటల నృత్యనాటకం వేయించేది. అందరికంటే చిన్నవాళ్లకు కూడా కథంతా నేర్పేది. "నాలుగు అడుగులు వేసే బిడ్డకు ఇంత దేనికి?" అని నేను ప్రతిసారీ అడిగేవాణ్ణి. నా పని తెర లాగడం.

ఆ ఏటి కథలో రాజు వేటకు వచ్చి లేడిపిల్లను ఎత్తుకుపోతాడు. తల్లిలేడి అడవంతా వెతుకుతుంది. చివరికి రాణి బిడ్డను తెచ్చి అప్పగిస్తుంది. వెతికే రంగం నడుస్తుండగా తెర వెనక చూస్తే లేడిపిల్ల లేదు. వాళ్ల ఊరి బస్సు వేళ గుర్తొచ్చి, బస్టాండుకు పరుగెత్తి, కదులుతున్న బస్సెక్కాను.

"ఏమప్పా, బిడ్డను యాడికి పిల్చుకొనిపోతా ఉండావు?"

"ఊరికి సామీ. దాన్ని రాజు ఎత్తుకొనిపోయినాడు కదా, ఇంగ దాని పనేముండాది? ఆడ ఆవులు అరస్తా ఉంటాయి."

అమ్మాయి ఏడుపు గొంతుతోనే అంది: "లేదు నాయనా. ఇప్పుడు తల్లిలేడి ఏటికాడ ఎతకతా ఉండాది. దానెనక రాణికి కల వస్తాది. దానెనక నేను పోవల్ల. పోకుంటే ఆ అక్క ఎతకతానే ఉంటాది."

బస్సులో కూర్చుని కూడా, హాల్లో కథ ఎంతవరకు వచ్చిందో దానికి తెలుసు. ప్రతిసారీ నేనడిగే ప్రశ్నకు జవాబు అదే అనుకుంటాను. నాయన బిడ్డ ముఖం చూసి, బస్సు ఆపించి, దాన్ని ఎత్తుకుని దిగాడు.

మేము వచ్చేసరికి నా భార్య తాళాలు వాయిస్తూ, పాడే ఆమె చేత ఒకే చరణం మళ్లీ మళ్లీ పాడిస్తోంది. పన్నెండేళ్ల తల్లిలేడి వెతికిన చోటే వెతుకుతోంది. రాణి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని లేడిపిల్ల వెళ్లి, నేర్పినట్టే తల్లి మోకాలికి తల ఆనించింది. ఆ పెద్దపిల్ల నిజంగానే ఏడ్చేసింది.

అంతా అయ్యాక నా భార్య రైతుతో, "ఏమప్పా, నీ పుణ్యాన మా లేడి అడివంతా నాలుగు తూర్లు ఎతికింది," అంది.

"వచ్చే ఏడు కడ దంకా కూసుంటానమ్మా," అన్నాడాయన. అన్నట్టే మరుసటి ఏడు, పాలు పితకడానికి తమ్ముణ్ణి పెట్టి వచ్చి, ముందు వరసలో కూర్చున్నాడు.

నా భార్య పోయి రెండేళ్లయింది. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పిల్లలు ఇప్పటికీ ఆ హాల్లో ఆడుతున్నారు. బాగా ఆడతారు, చూసి సంతోషంగానే ఇంటికి వస్తాను. తలా ఒక పాటకు ఆడి, అమ్మానాన్నలతో వెళ్లిపోతారు. మొదటినుంచి చివరిదాకా ఒక కథను ఇప్పుడు ఎవరూ వేయించడం లేదు.