పట్టిన చోటే

ఆ కుక్కకు నేను పేరు పెట్టలేదు. "ఏరా" అంటే వచ్చేది. తెల్లవారగానే కూరగాయలకని మోండా మార్కెట్‌కు బయలుదేరితే, పద్మారావు నగర్‌లోని మా గల్లీ చివరిదాకా నా పక్కనే నడిచేది. నేను ఆటో ఎక్కి తిరిగి వచ్చేసరికి అక్కడే కూర్చుని ఉండేది. మా ఆయన పోయాక నేనెప్పుడు వస్తానా అని చూసే ప్రాణి అదొక్కటే.

నాతో మంచిగా ఉంది కాబట్టి అందరితోనూ మంచిదే అని చెప్పలేను. స్కూటర్ల వెంట పడేది. ఒక ఆడపిల్ల బెదిరి బండి మీంచి పడి మోచేయి చీరుకుంది. ఆ తర్వాత నెల తిరగకముందే, వాకిలి ఊడుస్తున్న మా పక్కింటామె పిక్క పట్టేసింది. ఆమె చీపురు ఎత్తిందట. ఎత్తితే మాత్రం, అంత కండ ఊడేలా కరవాలా?

ప్రతి సూదికీ ఆమెతో ఆసుపత్రికి నేనే వెళ్లాను. ఆటోలో ఒకరోజు ఆమె అంది: "మంచిగుంది అక్కా నీ దానధర్మం. అన్నం నువ్వు పెడతవు, సూదులు నాకు."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. అప్పటినుంచి ఆమె ఒక చేత కట్టె పట్టుకునే వాకిలి ఊడ్చేది.

గల్లీవాళ్లు ఫోన్ చేస్తే కుక్కలు పట్టేవాళ్లు వచ్చారు. వల కనబడగానే అది ఏ గోడ సందులోకో దూరేది. రెండుసార్లు ఉత్త చేతులతో వెళ్లారు. మూడోసారి వచ్చినతను నేరుగా మా గుమ్మం ముందుకే వచ్చాడు.

"ఎవల కుక్కమ్మా ఇది?"

"ఎవలది కాదు. గల్లీది."

"నీ మాట వింటదంట గద. ఈ సందుల బండి తిరగదు, మెయిన్ రోడ్డు అవతల పెట్టినం. జెర అక్కడిదాకా తోల్కరా. ఏం జెయ్యం దాన్ని. పది దినాలు చూస్తం, పిచ్చి గిట్ల లేకుంటే పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసి, సూది ఇచ్చి ఇడిచిపెడతం."

వల వేసి ఈడ్చుకుపోయేకంటే నా వెంట నడిచి పోవడమే నయమనుకున్నాను. "ఏరా" అన్నాను. వచ్చింది. మధ్యలో రెండు గల్లీల కుక్కలు దాని మీదికి ఎగబడితే కసిరి తోలాను. అది నా కుచ్చిళ్లకు ఆనుకుని నడిచింది. రోడ్డు దాటాం. మందుల షాపు పక్కన వల పడినప్పుడు అది మొరగలేదు, నా వైపు చూసింది.

అతను ఒక కాగితం రాసి ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. నేను అక్షరాలు నేర్చుకుని అప్పటికి ఏడాది. వేలిముద్ర వేయకుండా సంతకం చేయగలనన్న సంబరంలో, పైన ఏముందో చదవనే లేదు. నాకిచ్చిన నకలు మడిచి దాచుకున్నాను.

పది రోజులు పోయాయి. ఇంకో వారం చూశాను. మార్కెట్ నుంచి ఆటోలో ఆ రోడ్డు మీదుగానే వస్తున్నా షాపు వైపు చూడాలని తోచలేదు, దిగగానే గల్లీ చివర చూసేదాన్ని. ఉండలేక కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను.

"ఎప్పుడో ఇడిచిపెట్టినమమ్మా. పట్టిన జాగలనే ఇడవాలె, గదే రూలు. నీ దగ్గర కాగితం లేదా?"

ఉంది. తీసి కూడబలుక్కుని చదివాను. పట్టిన చోటు: మెయిన్ రోడ్డు, మందుల షాపు పక్కన. అక్కడిదాకా నడిపించుకుపోయింది నేనే. గల్లీలోనే పట్టించి ఉంటే గల్లీలోనే వదిలేవారు.

పరుగున వెళ్లాను. ఆపరేషన్ గుర్తుగా చెవి కొన కోసి ఉంది, మెడ మీద ఎండిన గాటు. ఇంటికి రాబోతే మధ్య గల్లీల కుక్కలు కరిచి తరిమి ఉంటాయి. షాపు మెట్ల కింద పడుకున్నది లేచి, ఒళ్లంతా ఊపుతూ వచ్చి మోకాళ్లకు తల రుద్దింది. నాతో రోడ్డు అంచుదాకా వచ్చింది. తీసుకెళ్లినట్టే తిరిగి తీసుకురావచ్చు. రెండు గల్లీలు, చేతిలో ఒక కట్టె, అంతే.

ఇంటి నుంచి వెళ్తుంటే పక్కింటామె చూసి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "తోల్కొస్తవా అక్కా? చెప్పు, నేను మళ్ల కట్టె పట్టుకొనే ఊడుస్తా." ఈసారి ఆమె నవ్వలేదు. ఆమె పిక్క మీద ఇంకా గుంట ఉంది.

"ఈడనే ఉండు" అన్నాను. దానికేం తెలుస్తుంది? నేను కదిలితే కదిలింది. చేయి ఎత్తి అదిలించాను. ఎన్నడూ దాని మీద చేయి ఎత్తలేదు. ఆగిపోయింది. నేను రోడ్డు దాటాను.

మందుల షాపతను రోజూ బిస్కెట్లు వేస్తాడట, అక్కడ ఎవరినీ కరవలేదట. మా గల్లీవాళ్లే చెప్పారు. ఇప్పుడు మా పక్కింటామె కట్టె లేకుండానే వాకిలి ఊడుస్తుంది. నేను వెనక గల్లీకి చుట్టూ తిరిగి వెళ్లి ఆటో ఎక్కుతున్నాను. మెయిన్ రోడ్డు మీదుగా వెళ్తే అది చూస్తుంది. చూస్తే నా వెంట వస్తుంది.