చేతులకు చాలని వేగం

మా చెల్లెలికి పుట్టుకతోనే చెవుడు, మాట లేదు. ఆమెకూ అమ్మకూ మధ్య నడిచింది చేతుల భాష. ఎవరూ నేర్పింది కాదు. పత్తి తీస్తూ, మిరపకాయలు ఏరుతూ వాళ్లిద్దరే కల్పించుకున్నారు. నేను బడికి వెళ్లలేదు. నాన్నగారు బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు, చేతుల భాష అమ్మను చూసి నేర్చుకున్నాను. రెండు చదువులకూ దేవునికి స్తోత్రం.

చెల్లెలు పెళ్లయి విశాఖపట్నం వెళ్లింది. ఆమె భర్తకూ వినబడదు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు మంచం దిగవద్దన్నారు. ఇక్కడ మిరపకోతల కాలంలో అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అమ్మతో మాట్లాడాలని చెల్లెలు మా సెల్‌ఫోనుకు మెసేజీలు పెట్టేది. ఆ రోజుల్లో సెల్‌ఫోనులో మనిషి బొమ్మ వచ్చేది కాదు. అమ్మకు చదువు రాదు, మెసేజీలో చేతులు ఉండవు. వాళ్లింట్లో కంప్యూటరూ కెమెరా ఇంటర్నెట్టూ ఉన్నాయి. మనమూ పెట్టించుకుందాం అన్నాడు అన్నయ్య.

ఇంటర్నెట్టు కోసం ఒంగోలు టెలిఫోను ఆఫీసుకు అన్నయ్యతో నేనూ వెళ్లాను.

"రెండు రకాలున్నాయండీ. చిన్న స్పీడైతే నెలంతా ఎంతైనా వాడుకోవచ్చు. పెద్ద స్పీడుకి లిమిటుంటది," అన్నాడు అక్కడి గుమాస్తా.

"మా అమ్మ మంచాన ఉందండీ. ఏ పూట చూడాలనిపిస్తే ఆ పూట చూడాలి. లిమిటు మాకొద్దు. చిన్నదాంట్లో బొమ్మ వస్తదా?" అన్నాను నేను.

"రాకేమండీ!"

ఇంటికొచ్చి కెమెరా బిగించిన మనిషి, "కూర్చోండి, చూద్దాం," అన్నాడు. అమ్మకు తల దువ్వి, ఉతికిన చీర కట్టి, వెనక దిండ్లు పెట్టాను. ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టే అందరం నిటారుగా కూర్చున్నాం. రెప్ప కూడా వెయ్యలేదు. అటు చెల్లెలూ బిగుసుకుపోయింది.

"మీ అన్నయ్యని చూడమ్మా, పోలీసోళ్లకి దొరికినట్టు ఆ గుడ్లేంటి!" అంది వదిన నాతో.

బొమ్మ శుభ్రంగా వచ్చింది. బాగుందన్నాం. ఆయన వెళ్లిపోయాడు.

అప్పుడు అమ్మ చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి తెర మీద గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. చెల్లెలు ముందుకు వంగి, కళ్లు చికిలించి చూసి, టైపు చేసింది: "అమ్మ చెయ్యి కనబడటం లేదు."

అన్నయ్య ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"చేతులు ఆడిస్తారని ముందు చెప్పలేదేమండీ?"

"మాట్లాడాలంటే ఆడించమా మరి!"

"మీ నుంచి పోయే స్పీడు ఇంకా తక్కువుంటదండీ. లిమిటైనా సరే, పెద్దదే పెట్టుకోండి. కొత్త నెలలో మారుస్తాం."

అంతవరకూ అమ్మకు నెమ్మదిగా చెయ్యి ఆడించడం నేర్పాం. ప్రతి గుర్తు దగ్గరా చెయ్యి గాలిలో ఆపి ఉంచాలి. ఆ వయసులో, ఆ రోగంలో ఎంతసేపని ఆపుతుంది? "తిన్నావా" అన్నది ఒక్కటే అటు చేరేది. మిగతాది సగంలోనే ఒళ్లో పడిపోయేది. మెతుకంతైనా చేరుతున్నందుకు ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పుకునేదాన్ని.

కొత్త నెల ఇంకా రాలేదు. ఆదివారం ఆరాధనకు గుడికి బయలుదేరుతుండగా అమ్మకు మళ్లీ పక్షవాతం వచ్చింది. కుడిచేయీ పోయింది.

ఆ తరువాత వేగం వచ్చింది. చెల్లెలి వేళ్లు, గాజులు, గోళ్ల మీద గోరింటాకు, అన్నీ ఇంట్లో ఎదురుగా ఉన్నట్టే కనిపించాయి. "నొప్పిగా ఉందా?" అని అడిగింది. అమ్మ కళ్లు ఆ చేతుల వెంటే తిరుగుతున్నాయి. చెల్లెలు మళ్లీ అడిగింది. నేను అమ్మ వెనక కూర్చుని, ఆ మణికట్టు పట్టుకుని ఎత్తి, లేదని ఆడించాను.

చెల్లెలు ఆ వేళ్లనే చూసింది. తరువాత చేతులతో నాకే చెప్పింది:

"అక్కా, వదిలెయ్. అమ్మ 'లేదు' అని చెప్పేటప్పుడు చివర్న వేళ్లు విదిలిస్తుంది. అది నువ్వు."

అమ్మ చెయ్యి దించి అమ్మ ఒళ్లోనే పెట్టాను. అమ్మకు కన్ను మూతపడి నిద్ర పట్టేదాకా చెల్లెలు అలాగే చూస్తూ కూర్చుంది. చూపైనా అందినందుకు ప్రభువును స్తుతించాను. అంతకు మించి స్తుతించడానికి ఆ రోజు నాకేమీ దొరకలేదు.