బోర్డు మీద మా వంశగౌరవం

మా ముత్తాత నరసింహ రాయణింగారు జమీందారు. కలెక్టరు దొర ఎదురొచ్చినా కుర్చీలోంచి లేచేవారు కాదు. మా తాత జగన్నాథ రాయణింగారు ఆస్తి వేలానికి వచ్చిన రోజున కూడా నడుము వంచలేదు. ఆస్తి పోయింది, నిటారు నడుము నాకు మిగిలింది. దాన్ని అమెరికాలోని రెడ్‌మండ్‌లో ఒక ఆదివారం నదిపాలు ఎలా చేశానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

నది ఒడ్డు పార్క్‌లో తెలుగువాళ్ళ పిక్నిక్. అందరూ కయాక్‌లనే సన్నటి పడవలు అద్దెకు తీసుకున్నారు. కయాక్‌లో కాళ్ళు చాపుకుని నీళ్ళకు జానెడెత్తున కూర్చోవాలి. మా హోదాకు అది తగదని, పొడుగాటి పలకలా ఉండి, నిలబడి తెడ్డు వేసే పాడిల్‌బోర్డు కొని తెచ్చాను. ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంది, పౌరుషం ఉంది, ఇంకేం కావాలి?

"బావా, ఫస్ట్ టైమ్ కదా, మోకాళ్ళ మీద స్టార్ట్ చెయ్," అన్నాడు నా బావమరిది కిరణ్, కయాక్‌లోంచి.

"మా ఇంట్లో మోకాళ్ళను అలాంటి పనులకు వాడరు."

నిలబడ్డాను. గాలి వీచింది. నిటారుగా నిలబడ్డ మనిషి నీళ్ళమీద తెరచాపతో సమానమని అప్పుడు తెలిసింది. చూస్తుండగానే ఒడ్డు దూరమైంది. ఎదురుగా వంతెన. దాని స్తంభాల చుట్టూ నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. తెడ్డును జెండాకర్రలా పట్టుకుని నిలబడ్డాను.

"నీల్ డౌన్ బావా! గాలంతా నీ బాడీకే కొడుతోంది!"

"అందరూ చూస్తున్నారురా!"

"చూడటమేంటి, వీడియో తీస్తున్నారు!"

నా భార్య శారద కయాక్‌ను నా వైపు తోసుకొస్తూ అరిచింది: "ఏమండీ, కూర్చోండి! మీ తాతగారు వంగనిది పౌరుషంతో కాదు, నడుం నొప్పితో! మీ అమ్మగారే చెప్పారు!"

"ఇప్పుడా చెప్పడం?"

"మునిగాక చెబితే వినపడుతుందా?"

స్తంభం మీద పాచి కూడా కనిపిస్తోంది. ఇక వంశం లేదు, నేనొక్కణ్ణే ఉన్నాను. మోకాళ్ళు వంగాయి. అదీ చాలలేదు. మోచేతులు, ఛాతీ, నుదురు ఒకదాని వెంట ఒకటి బోర్డును కరుచుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, గుర్తున్న దేవుళ్ళందరినీ పిలిచాను. వచ్చింది శారద. బోర్డు ముందున్న కొక్కేనికి తాడు తగిలించి నన్ను ఒడ్డుకు లాక్కుపోయింది.

బోర్డు ఇసుకను తాకింది. కళ్ళు తెరిస్తే, నా రెండు చేతుల మధ్య పసుపు రాసిన రెండు పాదాలు. మా అత్తగారు! నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. మా పెళ్ళిలో నా కాళ్ళు కడిగిన మనిషి. ఆవిడకు అంతవరకూ నేను వంగి నమస్కారం పెట్టిన పాపాన పోలేదు.

"అయ్యో, లేవండి అల్లుడుగారూ!" ఆవిడ కళ్ళు ఒత్తుకున్నారు. "నలుగురిలో ఇంత సాష్టాంగమా! నిండు నూరేళ్ళు బతకండి!"

అప్పటికి ఇంకో గంట బతుకుతానన్న నమ్మకం కూడా లేనివాణ్ణి. అందుకే అలాగే బోర్లా పడుకుని ఆ దీవెన పుచ్చుకున్నాను.

సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో బాత్‌టబ్‌ను మించిన నీటిలో అడుగుపెట్టను. బోర్డును తెడ్డుతో సహా ఆ వారంలోనే అమ్మేశాము.