దోపిడీకి ముందు తాంబూలం

మా ఓడదొంగల నాయకుడు పంగ్లిమా లేమాన్‌కి లోకంలో ఒకే ఒక్క జబ్బు. తాంబూలం ఇవ్వకుండా ఎవర్నీ దోచుకోలేడు.

సింగపూర్‌కి దక్షిణాన ఉన్న లింగా దీవుల చుట్టుపక్కల ఆయన పేరు చెబితే వర్తకులు సరుకు వదిలేసి నీళ్ళలోకి దూకేవాళ్ళు. వాళ్ళని ఆయనే చెయ్యిచ్చి పైకి లాగి, తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి, తమలపాకుల ఇత్తడి పెట్టె ముందు కూర్చోబెట్టేవాడు. ఆయన పడవకి చుక్కాని పట్టేవాణ్ణి నేనే కాబట్టి ఈ వైభోగమంతా కళ్ళారా చూశాను.

"పెద్దన్నా, మనం వచ్చింది దొంగతనానికా, పెళ్ళిచూపులకా?" అని అడిగానొకసారి.

"దొంగతనానికైతే మాత్రం? మర్యాద ఇంట్లో పెట్టి రావాలా?" అన్నాడు ఆకు ఈనె తీస్తూ.

మరోసారి మిరియాల ఓడలో పళ్ళు లేని చీనా వర్తకుడు దొరికాడు. నమలలేనన్నాడు. అంతే, మా నాయకుడు చిన్న రోలు తెప్పించి దంచడం మొదలుపెట్టాడు. అవతల డచ్చివాళ్ళ కాపలా ఓడ కనిపిస్తోంది.

"పెద్దన్నా, వాళ్ళు వచ్చేస్తున్నారు."

"రానీ. వక్క ఇంకా నలగలేదు."

చివరికి ఆ వర్తకుడికే మా మీద జాలేసింది. "కచ్చాపచ్చాగా ఉన్నా మింగేస్తాను, మీరు వెళ్ళండి బాబూ" అని బతిమాలాడు.

బాంకా దీవి గనుల తగరం దొంగచాటుగా దాటిస్తుంటే కొత్తగా దిగిన డచ్చి అధికారి ఒకడు మమ్మల్ని పట్టుకున్నాడు. లేమాన్ ఆయనకీ చిలక చుట్టి ఇచ్చాడు. దొర నమిలి ఉమ్మితే ఎర్రగా పడింది. నెత్తురు కక్కుకుంటున్నానని హడలిపోయి వైద్యుడి కోసం పరుగెత్తాడు. ఆయనకేమీ కాలేదని తేలేసరికి మా తగరం సింగపూర్ చేరిపోయింది.

ఈ తాంబూలాల సందడిలో మనుషుల్ని కట్టి తెచ్చుకునే తీరిక మాకెప్పుడూ దొరికేది కాదు. మిగతా దొంగలు మనుషుల్ని బానిసల సంతలో అమ్మి బాగుపడుతుంటే, పెద్దన్న పిచ్చి మన పొట్ట కొడుతోందని మేం గొణుక్కునేవాళ్ళం.

ఒక ఏడు సబ్తు అనే మరో దొంగల నాయకుడు మాతో జట్టు కట్టాడు. మనుషుల్ని అమ్మడంలో పేరుమోసినవాడు. ఇద్దరూ కలిసి ఒక పడవ పట్టారు. అందులో చాపలు అల్లి అమ్ముకునే ముసలమ్మ, ఆమె కోడలు, మనవరాలు ఉన్నారు. సరుకంతా చాపలే. సబ్తు మొహం మాడిపోయింది.

"చాపలు పోతే పోనీ. వీళ్ళకి మంచి ధర వస్తుంది, కట్టండి" అని తాడు తీశాడు.

"తొందరపడకు తమ్ముడూ. వాళ్ళు నా ఆకు వేసుకున్నారు" అన్నాడు లేమాన్ పెట్టె మూస్తూ.

సబ్తు చెయ్యి ఆగిపోయింది. ఆకు తిన్నవాళ్ళు ఇచ్చినవాడికి అతిథులు. అతిథిని కట్టినవాడి పడవ ఎక్కడానికి మా సముద్రంలో ఒక్కడూ ఒప్పుకోడు. సబ్తు మనుషులే ఆ తాడు వంక చూడటం మానేశారు.

"పిల్లదానికి కూడా ఇచ్చావా?" అని పళ్ళు కొరికాడు సబ్తు.

"వక్క లేకుండా. కాస్త బెల్లం పెట్టాను."

"నీతో జట్టు కట్టాను చూడు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి."

"కోపమెందుకు? నువ్వూ ఒకటి వేసుకో."

సబ్తు తన పడవలోకి దూకి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్ళలో మా చేతికి చిక్కిన ఒక్క మనిషీ సంతకి పోలేదు. ఈ మహానుభావుడు మర్యాద పేరు చెప్పి మమ్మల్ని కూడా మోసం చేశాడు. ఆ క్షణంలో ఆయన ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

"చుక్కాని తిప్పరా. అతిథుల్ని గడప దాకా దింపి రావాలి" అన్నాడు.

ఎదురుగాలి. పేరుమోసిన ఓడదొంగలం అందరం చెమటలు కక్కుతూ తెడ్లు వేశాం. ముసలమ్మ చాప మీద కాళ్ళు బారజాపుకుని, "మా ఆయన ఇంతకన్నా బాగా వేసేవాడు నాయనా" అని దారి పొడవునా సణుగుతూనే ఉంది.