తల వంచని రెండు నెలలు

మా ఊళ్లో తల తిరిగిందని ఎవరూ తొందరపడి పైకి చెప్పరు. చెప్పారా, ఎదుటివాళ్లు కాసేపు మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "రగతం టెస్టు సేయించావా?" అని అడుగుతారు. పూండి దాటి సముద్రం వైపు వస్తే మాది ఉద్దానం పల్లె. మా వీధిలో కిడ్నీ జబ్బుతో మనిషి పోని ఇల్లు వెతుక్కోవాలి. అందుకని జ్వరం వచ్చినా, నడుము నొప్పెట్టినా, చివరికి ఆకలి వేయకపోయినా ముందు ఆ జబ్బే గుర్తొస్తుంది.

నేను ఆ ఊరి ఆశా కార్యకర్తని. ఎవరికి తల తిరిగినా ఆటో ఎక్కించి పలాస తీసుకెళ్లి పరీక్ష చేయించేది నేనే. కాగితం మీద క్రియాటినిన్ అంకె నేనే ముందు చూసేదాన్ని. బాగుంటే "ఏటీ నేదు, బయపడకు" అనేదాన్ని. బాగోకపోయినా ఇంటికి చేరేదాకా అదే మాట అనేదాన్ని. ఆటోలో ఏడుపులు భరించలేక నేర్చుకున్న అబద్ధం అది. ఎంత బాగా చెప్పేదాన్నంటే ఇంటికి వచ్చేదాకా ఎవరూ అనుమానించేవారు కాదు.

ఒకరోజు పొద్దున్న కుడివైపు ఒత్తిగిల్లి లేవబోతుంటే పైనున్న రేకులు, గోడమీది గడియారం, తలుపు అన్నీ కలిసి గిర్రున తిరిగాయి. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకున్నాను. అరనిమిషం ఉందో లేదో, ఆగిపోయింది. వాంతి మాత్రం ఆగలేదు. "పైత్యం చేసినట్టుంది" అన్నాను మా ఆయనతో. ఆయన నమ్మలేదని తెలుసు. నేనూ నమ్మలేదు.

అందరినీ పరీక్షకి లాక్కెళ్లే మనిషిని, మూడు వారాలు నా సంగతి నేనే దాచుకున్నాను. సిగ్గులేని పని. భయమేస్తే చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. ఎలా కదిలితే తల తిరుగుతుందో కనిపెట్టి అలా కదలడం మానేశాను. కుడివైపు పడుకోవడం మానేశాను. అటక మీదికి చూడడం మానేశాను. కిందికి వంగడం మరీ ప్రమాదం, చీపురు పట్టడం కూడా మానేశాను. మెడ బిగించుకుని, చూపు ఎదురుగా నిలబెట్టుకుని, గోడల పక్కనుంచి ఊరంతా తిరిగేదాన్ని. "ఆశమ్మకి గీర ఎక్కువైనాది, తల తిప్పి సూడట్లేదు" అని ఒకావిడ అందట. అనుకోనీ అనుకున్నాను.

చివరికి ఒక బాలింత ఇంట్లో పడ్డాను. పసిబిడ్డ బరువు చూడాలి. చాప మీదున్న బిడ్డ కోసం వంగాను, అంతే. బిడ్డ ఇంకా నా చేతిలోకి రాలేదు, అదొక్కటే నా అదృష్టం. గోడకి తల కొట్టుకుని కూలబడ్డాను. నేను ఇల్లు చేరేలోపే కబురు ఊరంతా తిరిగేసింది. "ఓలమ్మో, ఆశమ్మకే వచ్చీసిందట!"

మర్నాడే మా ఆయన పలాస తీసుకెళ్లాడు. అంకె బాగుంది. వేరే ల్యాబులో చేయిస్తే అక్కడా బాగుంది. "ఏటీ నేదమ్మా" అన్నాడు ల్యాబు అతను. ఆ మాట నేను ఎంతమందికి, ఎలాంటి మొహం పెట్టుకుని చెప్పానో నాకు తెలుసు. మా ఆయనే ముందుగా అతనితో మాట్లాడి ఉంటాడనుకున్నాను. కాగితం చూపించినా నమ్మలేదు. నా కాగితాలు నేను నమ్మకపోతే ఊరు మాత్రం ఎందుకు నమ్ముతుంది?

అప్పుడు మొదలైంది జైలు. కూరల్లో ఉప్పు పోయింది. బావి నీళ్లు పోయి టిన్ను నీళ్లు వచ్చాయి. లోపల పడిపోతే ఎలాగని మా ఆయన స్నానాలగది తలుపు గడియ ఊడదీసి, బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "అయిందా?" అని రెండు నిమిషాలకోసారి అడిగేవాడు. కొబ్బరితోట పని తమ్ముడికి అప్పజెప్పి నాకు కాపలా కాశాడు. నేను నాలుగడుగులు వెయ్యాలన్నా పక్కకొచ్చి జబ్బ పట్టుకునేవాడు. ఆ పట్టుకి జబ్బ మీద నాలుగు వేళ్లూ అచ్చుపడేవి. సాయంత్రమైతే ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చునేవారు. "ఎంత మంచిదో" అని నా ఎదుటే అనేవారు, నేను పోయినట్టే. అరవాలనిపించేది. అరిస్తే మెడ కదులుతుంది కదా, అదీ చేతకాదు.

నా రిజిస్టర్ పక్క ఊరి ఆశా తీసుకెళ్లింది. ఇంకో నెల చూసి వేరే మనిషిని వేస్తారని మా ఊరి సబ్‌సెంటర్ నర్సమ్మ ముందే చెప్పింది. ఇల్లిల్లూ తిరగడమే నా బతుకు. ఒంటరిగా వీధిలో నడవలేకపోతే నేనింక ఎవరినీ కాను, పోయేదాకా ఆ మంచానికి కట్టుబడి ఉండడమే. ఆ రోజుల్లో నాకు జబ్బు మీదకన్నా మా ఆయన చేతి మీదే ఎక్కువ కోపంగా ఉండేది.

ఆ నర్సమ్మే ఒకరోజు నన్ను పరీక్షగా చూసింది. "పడుకుని కుడివైపు తిరిగితేనే వత్తందా? అయితే చెవి చూపించు" అంది. టెక్కలిలో చెవి డాక్టరు చూసి, పక్కనే ఉన్న ఫిజియోథెరపీ గదికి పంపాడు. మా మేనకోడలి వయసు పిల్ల అక్కడ మేడమ్. నా తల రెండు చేతులతో పట్టుకుని, కుడివైపు తిప్పి, ఉన్నట్టుండి వెనక్కి పడుకోబెట్టింది. తల మంచం అంచు దిగి కిందికి వేలాడింది. రెండు నెలలుగా ఏది రాకూడదని మొక్కుకున్నానో సరిగ్గా అదే. గది మొత్తం తిరిగిపోయింది. ఆ పిల్ల మణికట్టు గోళ్లు దిగేలా పట్టుకున్నాను.

"కళ్లు ముయ్యొద్దమ్మా. నన్నే సూడు."

"ఆపండి మేడమ్, సచ్చిపోతాది!" అని అరిచాడు మా ఆయన.

"ఆగిపోద్ది, అదే ఆగిపోద్ది. కంగారు పెట్టకండి."

ఆగిపోయింది. తర్వాత తల ఎడమవైపు తిప్పింది, కాసేపాగి ఒళ్లంతా అటే తిప్పింది, ఇంకాసేపాగి లేపి కూర్చోబెట్టింది. మళ్లీ ఇంకోసారి మొదటినుంచీ అంతా చేసింది. మూడోసారి పడుకోబెడితే గది కదల్లేదు. చెవి లోపల సన్నటి రేణువులుంటాయని, అవి ఉండాల్సిన చోటు తప్పి పక్క గొట్టంలోకి జారాయని, ఇప్పుడు వాటిని వెనక్కి పంపానని చెప్పింది. "నీకు కిడ్నీ జబ్బు నేదమ్మా" అంది. ఈసారి నమ్మాను, నా కళ్లతో చూశాను కాబట్టి. సంతోషం కాదు, ఒళ్లు మండిపోయింది. ఈ పావుగంట పనికి నెలపైన ఉప్పులేని కూర తిన్నానా!

అక్కడితో అయిపోలేదు. లేచి నిలబడితే పడవలో ఉన్నట్టే ఉంది. నేను మెడ బిగించి బిగించి ఉంచడంతో ఒళ్లు నిలబడడమే మరిచిపోయిందని, దానికి మళ్లీ నేర్పాలని అంది మేడమ్. వారానికి రెండుసార్లు టెక్కలి బస్సెక్కాలి. గోడమీద అక్షరం చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. నేలమీద గీత గీసుకుని, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి నడవాలి. ఇంటి దగ్గర వరండాలో మా ఆయన సుద్దముక్కతో గీసిన గీత మీద, చూపు ఎదురుగానే పెట్టి నడుస్తుంటే పక్కన ఆయనే, నా జబ్బ మీద ఆయన చెయ్యి. టెక్కలిలోనూ అంతే.

"ఆవిణ్ని వదిలెయ్యండి. మీరు పట్టుకుంటే ఎలా నేర్చుకుంటాది?" అంది మేడమ్.

"వదిలేత్తే పడిపోద్ది మేడమ్."

"పడదు. నేనున్నాను కదా."

వదల్లేదు. వదిలినట్టు చేసి వేళ్లు రెండు మిగిల్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గట్టిగానే అన్నాను. "నేను సచ్చిపోతే నీకు బాగున్నట్టుంది బావా! బాగైపోనానంటే ఇనవేటి?" జనం తిరిగి చూశారు. ఆయన కిటికీలోంచి జీడితోటలు చూస్తూ కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు.

నాలుగో వారానికి గీత మీద తడబడకుండా నడిచాను. "ఇంక ఒక్కటే మిగిలినాది" అంది మేడమ్. కుర్చీలో కూర్చుని, నేలమీద పెట్టిన ప్లాస్టిక్ కప్పులు ఒక్కొక్కటే వంగి తీసి ఎదురుగా ఉన్న మనిషికి అందించాలి. నాకు అన్నిటికన్నా భయమైన పని అదే. ఎదురుగా మా ఆయన్ని నిలబెట్టింది. ఆయన మొహం చూడాలి, వంగాలి, లేవాలి, మళ్లీ మొహం చూడాలి.

మొదటి కప్పుకి కళ్లు మూసుకుని వంగాను. "తెరవాలి" అంది. రెండోదానికి తెరిచాను. కప్పు తప్ప ఏమీ కనబడలేదు. ఏమీ కాలేదు. మూడోదానికి నింపాదిగా వంగాను.

కప్పు పక్కన ఆయన పాదాలు ఉన్నాయి. చెప్పులు బయట విడిచి వచ్చాడు కాబట్టి వాటి పట్టీ గుర్తు పాదం మీద లోతుగా, ఎర్రగా దిగిపోయి ఉంది. చీలమండ ఎముక ఉండాల్సిన చోట ఎముక లేదు, నున్నగా ఉబ్బిపోయింది. రెండు నెలలకు పైగా నేను నేలకేసి చూడలేదు. ఆయన కాళ్లు చూడలేదు.

కప్పు వదిలేసి వేలు పెట్టి నొక్కాను. ఊళ్లో ఎంతమంది కాళ్లు అలా నొక్కి చూశానో లెక్కలేదు. వేలు తీసేశాను. గుంట అలాగే ఉండిపోయింది. నీరు చేరింది. మా ఊళ్లో ఆ నీరు ఎందుకు చేరుతుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"ఎన్నాళ్లయినాది బావా?" అన్నాను, వంగే ఉండి.

"నువ్వు ఆ బాలింతోళ్ల ఇంటికాడ పడ్డావు సూడు, అప్పటికే ఉంది."

"టెస్టు సేయించావా?"

"నేదు."

"మరి సెప్పవేటి?"

"ఊరందర్నీ నువ్వే కదా తీసుకెల్తావు," అన్నాడు. "నువ్వు లేచి నిలబడ్డాక నన్నూ తీసుకెల్తావని సూత్తన్నాను."

మేడమ్‌కి మా మాటలు వినబడలేదు. గది ఆ చివర గీత చెరిపి కొత్తది గీస్తోంది. అక్కణ్నుంచే సంతోషంగా అడిగింది, "అంతసేపు వంగి ఉన్నావు, తల తిరిగిందా అమ్మా?"

లేదన్నాను. గది నిలకడగానే ఉంది, ఆ పాదాలు చాలా స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక్కసారి తిరిగితే బాగుండుననిపించింది.