పళ్ళున్నవాళ్ళ మిషను

బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర కాల్చిన మొక్కజొన్న వాసన తగిలితే చాలు, చిన్నప్పుడు రంగత్‌లో మా నాన్న తెచ్చిన మిషను గుర్తొస్తుంది. ఎండిన పొత్తు పైన వేసి పిడి తిప్పితే గింజలు ఒకవైపు, ఉత్త కండె మరోవైపు పడేవి. ఆ ఏడు పంటంతా ఒక్క పూటలో నేనే ఒలిచేశానని మనవలకు చాలాసార్లు చెప్పాను.

అబద్ధం. ఆ పిడి నేను ముట్టుకోనేలేదు. తిప్పిందంతా మా అక్క. మేం అప్ప అంటాం. అప్పటికి నాకు ముందుపళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. నాకూ ఇమ్మని ఏడిస్తే, నాన్న మిషను లోపలి ఇనప పళ్ళు చూపించి, "దీనికి దాంత్ ఉన్నాయిరా బాబూ. నీకేవి? పళ్ళొచ్చాక తిప్పుదువు గాని," అన్నాడు.

నేను నిజమనుకున్నాను. అప్ప పిడి తిప్పుతూ, కావాలనే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటే కడుపు మండిపోయింది. రెండు తెల్లటి గింజలు ఏరి, చిగుళ్ళ సందులో ఇరికించుకుని నాన్న ముందు నిలబడ్డాను. "వచ్చేశాయి," అనేసరికి ఒక గింజ ఎగిరి ఆయన ఒళ్ళో పడింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. అప్ప మాత్రం నవ్వాపుకుని, "రారా, నా చేతిమీద చెయ్యెయ్," అని పిలిచింది. నేను వెళ్ళలేదు.

నిన్న ఆ జెట్టీలోనే ఇద్దరం ఫెర్రీ కోసం కూర్చున్నాం. ఎనభై దాటిన అప్ప సొంత పళ్ళతో పొత్తు కొరుకుతోంది. నా కట్టుడుపళ్ళకు ఆ పని చేతకాదు. కడుపు మళ్ళీ అలాగే మండింది. అప్ప నన్ను చూసి, బొటనవేలితో గింజలు ఒలుస్తూ, "ఏటలా చూస్తావు, చెయ్యి పట్టు," అంది.

ఈసారి పట్టాను.