లోకనాథం గొంతు మారిన ఏడాది

1998 జూన్‌లో నన్ను పలాస దగ్గర ఒక మిషన్ హైస్కూలుకు సంగీతం టీచరుగా బదిలీ చేశారు. పాఠాలతోపాటు బడి నాటక సమాజం బాధ్యత కూడా నాదేనని చేరిన రోజునే హెడ్మాస్టరుగారు చెప్పారు. బడి నాటకాలంటే వార్షికోత్సవానికి ముందు హడావుడిగా పుట్టుకొచ్చేవని చాలామంది అనుకుంటారు. మా దగ్గర జూలైలోనే ఏడాది మొత్తానికి ప్రణాళిక వేసి నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్లం. ఆ ఏడు ఆగస్టులో హాస్య నాటిక, క్రిస్మస్‌కు సంగీత రూపకం, ఫిబ్రవరి వార్షికోత్సవానికి పద్యనాటకం.

పద్యనాటకం మా తెలుగు పండితులు స్వయంగా రాశారు. కరువులో రాజ్యం విడిచి వెళ్లే యువరాజు కథ. పద్యాలు చాలావరకు యువరాజువే. ఆ పాత్ర తొమ్మిదో తరగతి లోకనాథానిది. ఉద్దానంలో జీడితోట రైతు కొడుకు. హార్మోనియం మీద ఆధార స్వరాన్ని ఎంత ఎత్తున పెట్టుకుంటామో దాన్ని శ్రుతి అంటాం. లోకనాథం అయిదు శ్రుతిలో పాడితే మైకు లేకుండా గేటు దాకా వినబడేది. నిజానికి ఆ గొంతు విన్నాకే పండితులు నాటకం రాయడం మొదలుపెట్టారు.

డిసెంబరు రిహార్సల్లో రాగం తీస్తుండగా గొంతు చీలింది. జలుబనుకున్నాం. జనవరికి మాట కూడా బొంగురుపోయింది. ఆ వయసు మగపిల్లలకు వచ్చే మార్పే, దానికి మందు లేదు. శ్రుతి నాలుగుకు దించాను, తరువాత రెండుకు. కింద పలికితే పైన పలకదు. వాడు మిరియాల కషాయం తాగి రోజూ ప్రార్థన గంటకు ముందే వచ్చి హార్మోనియం ముందు నిలబడేవాడు. "ఈయేళ కొంచెం బావుందండి, సూడండి టీచర్" అనేవాడు. బాగుండేది కాదు.

పాత్ర వేరేవాళ్లకు ఇద్దామన్నాను. మరునాడే వాడి తండ్రి వచ్చాడు.

"మా ఊరోలందరికీ సెప్పీసినాను టీచరమ్మా. ఏసం ఆడే ఏత్తాడు. ఎనకనుంచి ఇంకోలు పాడితే ఏటవుతాది?"

లోకనాథం తల దించుకుని సరేనన్నాడు. హెడ్మాస్టరుగారూ ఒప్పుకున్నారు.

వెనక పాడడానికి ఎనిమిదో తరగతి సువార్తను తీసుకున్నాను. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్ల పిల్ల, హాస్టల్లో ఉండి చర్చిలో పాడేది. పక్కతెర చాటున నా దగ్గర నిలబడి ఆ పిల్ల పాడాలి, వేదిక మీద వాడు పెదవులు కదపాలి. సాధనలో చక్కగానే కుదిరింది.

ప్రదర్శన సాయంత్రం ఆవరణ నిండిపోయింది. యువరాజు తండ్రి దగ్గర సెలవు తీసుకునే పద్యం అయ్యేసరికి జనం "వన్స్ మోర్" అని అరిచారు. మా వైపు పద్యం నచ్చితే మళ్లీ పాడించడం రివాజు, పాడకపోతే జనం ఊరుకోరు. నేను శ్రుతి అందించాను, సువార్త ఎత్తుకుంది. ముందు వరుసలో లోకనాథం తండ్రి లేచి నిలబడి, చుట్టుపక్కలవాళ్లకు కొడుకును చూపిస్తున్నాడు.

రెండో పాదం దగ్గర లోకనాథం నోరు మూసేశాడు. సువార్తకు అది కనబడలేదు. పద్యం సాగుతూనే ఉంది. వెనక వరుసల్లో ఎవరో నవ్వారు, తరువాత చాలామంది నవ్వారు. తండ్రి మెల్లగా కూర్చున్నాడు. తెర దించమని సైగ చేశాను.

లోపలికి వచ్చాక ఎందుకు ఆపేశావని అడిగాను.

"ఆళ్లు మళ్లీ పాడమన్నది నన్ను కాదు గదండి" అన్నాడు.

మిగిలిన రంగాల్లో పద్యాలు తీసేసి వాటి భావాన్ని మాటల్లో చెప్పించాం. విరిగిన గొంతుతోనే వాడు చివరిదాకా చెప్పాడు. ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

పదో తరగతి పాసై వెళ్లేదాకా వాడు సంగీతం గది వైపు రాలేదు. మరుసటి ఏడాది సువార్తకు వేదిక మీద పాత్ర ఇస్తానంటే "ఒద్దు టీచర్, మళ్లీ జనం నవ్వుతారు" అంది.

పదవీ విరమణ చేసేదాకా ఆ వయసు మగపిల్లవాడి గొంతును నమ్ముకుని నేను మళ్లీ ఏడాది ప్రణాళిక వేయలేదు. పాడే పాత్రకు మొదటినుంచీ ఇద్దరిని తయారు చేసేదాన్ని. ఒకరి పాటను మరొకరి నోటికి మాత్రం ఇవ్వలేదు. ఇద్దరూ పాడలేకపోయినప్పుడు కూడా వెనకపాటకు నేను ఒప్పుకోకపోవడంతో రెండుసార్లు నాటకమే మానుకోవలసి వచ్చింది, మానుకున్నాం.